నేరేడుపండు రంగు లైనింగు

గురువారం గురువారం చర్చి కింద నేలమాళిగలో కజ్జికాయల్లాంటి పిరోగీలు చేస్తారు. ఒకరు పిండి ఒత్తి గుండ్రంగా కోస్తారు. ఒకరు మధ్యలో బంగాళదుంప ముద్ద పెడతారు. మిగిలినవాళ్ళు మడతపెట్టి అంచులు నొక్కుతారు. అంచులు నొక్కడం లూబా పని. పెళ్ళయి ఈ చర్చికి వచ్చిన ఏడాది ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారు, ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది. శుక్రవారం వాటిని అమ్ముతారు. అలా అమ్మిన డబ్బుతోనే చర్చి పైకప్పు మార్పించారు. మార్పించాక పెద్దల సంఘంలో ఉన్న మగవాళ్ళ పేర్లు ఇత్తడి పలక మీద చెక్కించి గుమ్మం పక్కన బిగించారు. అందులో మూడో పేరు లూబా మొగుడు మైరాన్‌ది. మైరాన్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క పిరోగీ అంచు నొక్కలేదు. తినడం మాత్రం తింటాడు.

ఆ రోజు పొద్దున బయల్దేరేటప్పుడు లూబా నోరు జారింది. కోటు జిప్పు పాడైపోయిందనీ, దూదంతా కిందికి జారిపోయిందనీ, ఈ చలికాలానికి ఇంకోటి కొనుక్కోవాలనీ అంది. మైరాన్ పేపర్లోంచి తల ఎత్తలేదు. "నీకెందుకు కోటు? ఇంట్లోంచి లాండ్రీ పనికి, లాండ్రీలోంచి ఇంటికి. మధ్యలో ఎక్కేది బస్సు. బస్సులో హీటరుంటుంది," అన్నాడు. బస్సు కోసం నిలబడే చోట హీటరుండదని లూబా అనలేదు. ఇంట్లో కారుంది. అది ఆమెకి నడపడం రాదు. నేర్చుకుంటానన్నప్పుడల్లా "నీకు కంగారెక్కువ" అనేవాడు. అలా అంటూండగానే ఆమెకి అరవై దగ్గరపడింది.

సగం పిండి అయ్యేసరికి ఉప్పు నిండుకుంది. తెస్తానని లూబా లేచింది. పక్క గదిలో సగం చర్చి సామాను, సగం పాతబట్టలు. ఊళ్ళో ఎవరు పోయినా, ఎవరు ఇల్లు ఖాళీచేసినా సంచులు అక్కడికే వస్తాయి. వాటిని ఉతికి, మడిచి, అమ్మిపెట్టేది వెరా. గోడవారగా ఇనుప కడ్డీకి బొచ్చు కోట్లు వేలాడుతున్నాయి. ఎన్నడూ లేనన్ని. ఒకప్పుడు ఆదివారం ప్రార్థనలో ముందు వరసల్లో కూర్చునేవి ఈ కోట్లే. ఆడవాళ్ళు వాటి లోపల ఉండేవాళ్ళు. ఈ విన్నిపెగ్ ఊరి చలికి బొచ్చు కోటు అవసరమే, కాదనడానికి లేదు. కాని ఆ రోజుల్లో దాన్ని అవసరానికి కొన్నవాళ్ళు తక్కువ. పాతికేళ్ళ కాపురం నిండాక మొగుడు పెళ్ళానికి కోటు కొనిపెట్టాలి. కొన్నాడంటే సంపాదించినట్టు, కొనలేదంటే చేతకానట్టు. తరవాత కాలం తిరగబడింది. జంతువుల్ని చంపి తొడుక్కుంటారా అని పిల్లలు తల్లుల్ని నిలదీశారు. కోట్లు బీరువాల వెనక్కి, అటక మీదికి, నేలమాళిగల్లోకి పోయాయి. ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరే పోతూంటే కోట్లు ఒక్కొక్కటే ఇక్కడికి వచ్చాయి.

చివర వేలాడుతున్న బీవర్ బొచ్చు కోటు బొత్తాలు ఊడి తెరుచుకుని ఉంది. లోపల నేరేడుపండు రంగు సాటిన్.

లూబా ఉప్పు మాట మరిచిపోయింది. దగ్గరికి వెళ్ళి ఎడమ చంక దగ్గర గుడ్డ తిరగేసి చూసింది. అక్కడ జానెడు మేర కుట్టు నీలం దారంతో ఉంది. ఊదారంగు దారం అయిపోతే తానే నీలం దారం ఎక్కించింది. ఆ సాటిన్ తన గౌనుది.

ఆ గౌను లూబా తన మొదటి జీతంతో కొనుక్కుంది. పోర్టేజ్ వీధిలో పెద్ద దుకాణం అద్దంలో చూసి, నెలంతా దాని ముందునుంచే నడిచి ఇంటికి వెళ్ళి, జీతం రాగానే లోపలికి వెళ్ళింది. ఒకే ఒక్కసారి తొడుక్కుంది. సంఘం హాల్లో డాన్సు జరిగిన రోజు. ఆ రోజు మైరాన్ వచ్చి "ఈ రంగు నీకోసమే పుట్టింది" అన్నాడు. ఆ మాటకి పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన మొదటి చలికాలం అత్తగారు పరాస్కా తన బీవర్ కోటు తెచ్చి కోడలి ఒళ్ళో పడేసింది. లైనింగంతా పీలికలై ఉంది. కొత్త గుడ్డ కొనడం దండగ అంది. "నీ దగ్గర ఊదా గౌను ఒకటుందిగా. ఇంకెక్కడికి తొడుక్కెళ్తావే అది? పెళ్ళయిపోయింది," అంది. మైరాన్ అక్కడే ఉన్నాడు. రంగు గురించి ఏమీ అనలేదు. లూబా గౌను కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, కత్తిరించి, చేత్తో లైనింగు కుట్టింది. పరాస్కా దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూసింది. "కుట్లు కనిపిస్తున్నాయి," అంది. అంతే.

పరాస్కాది తేలిక బతుకేం కాదు. ఊళ్ళో ఆఫీసులు మూసేశాక వాటి నేలలు తుడిచి, మోకాళ్ళు పోగొట్టుకుని, మొగుడు ఎంతకీ కొనకపోతే ఆ కోటు తనే కొనుక్కుంది. అది తెలుసు కాబట్టే లూబా ఆమెని పూర్తిగా అసహ్యించుకోలేకపోయింది. తన మోకాళ్ళు అరిగిన మనిషికి ఎదుటిదాని మోకాళ్ళు కనబడాలి. పరాస్కాకి కనబడలేదు. ఆ కోటు ఆలనాపాలనా కోడలిదే. వేసవిలో చల్లటి నేలమాళిగలో నూలు దుప్పటి కప్పి వేలాడదీయాలి, నెలకోసారి బయటికి తీసి దులపాలి, పురుగు పట్టకుండా చూడాలి. తొడుక్కునేది మాత్రం అత్తగారు.

తరవాత పరాస్కాకి పక్షవాతం వచ్చింది. తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. తినిపించడం, కడగడం, పక్క మార్చడం, పుళ్ళు పడకుండా తిప్పడం అన్నీ లూబావే. పగలు వృద్ధుల ఆశ్రమం లాండ్రీలో ముసలివాళ్ళ దుప్పట్లు ఉతికేది, సాయంత్రం ఇంట్లో ముసలిదాని దుప్పట్లు ఉతికేది. ఒకదానికి జీతం ఉంది. పరాస్కా కూతురు డారియా నెలకో రెణ్ణెల్లకో పూలు పట్టుకుని వచ్చి తల్లి చెయ్యి నిమిరి వెళ్ళేది. దుప్పటి తడిసినప్పుడల్లా పరాస్కా లూబా మణికట్టు పట్టుకుని, వంకరపోయిన నోటితో, "నా తరవాత ఆ కోటు నీదేనే అమ్మాయ్. నువ్వు కాక నాకెవరున్నారు," అనేది. ఎన్నిసార్లందో లెక్కలేదు. పోయేముందు వారం అందర్నీ పిలిపించింది. కొడుకు, కూతురు, ఫాదరు గారు మంచం చుట్టూ నిలబడ్డారు. లూబా చేతిలో చెంచా, గంజి గిన్నె ఉన్నాయి. "కోటు డారియాకి. అది మన రక్తంలోనే ఉండాలి," అంది పరాస్కా. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా అంది. మైరాన్ తలాడించాడు. చెంచా వంక ఎవరూ చూడలేదు. అంత్యక్రియల నాడు డారియా గుడ్డ కోటులో వచ్చింది, బీవర్ కోటులో వెళ్ళింది.

"ఏమ్మా, ఉప్పు తవ్వి తెస్తున్నావా?" అంటూ వెరా వచ్చింది. లూబా చెయ్యి ఎక్కడుందో చూసి నవ్వింది. "మీ ఆడపడుచుదే అది. పోయినవారం సంచులు తెచ్చి పడేసింది. ఇల్లమ్మేసి చిన్న ఫ్లాటుకి పోతోందటగా. ఇదెవరూ కొనకపోతే అడవి జంతువుల ఆశ్రమానికి ఇచ్చెయ్యమంది. తల్లిలేని నక్కపిల్లలకీ ఉడతపిల్లలకీ కింద పరుస్తారట."

డారియా దాన్ని మొదట్లో రెండు చలికాలాలు ఆడంబరంగా తొడుక్కుంది. తరవాత ఒకరోజు నడిబజార్లో ఎవరో వెనకనుంచి వీపు మీద కాగితం అంటించారు, "లోపల ఇంకో శవం ఉంది" అని. అది తెలియక డారియా బ్యాంకుకీ కేకుల దుకాణానికీ తిరిగి ఇంటికొచ్చింది. అప్పటికి పన్నెండేళ్ళున్న కూతురు తాలియా, తల్లి ఆ కోటుతో స్కూలు ముందు దిగితే తను కారు దిగనని మొండికేసింది. డారియా కోటుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి వేడిగాలి గొట్టం పక్కన బీరువాలో కుక్కింది. బొచ్చు కోటుకి చల్లదనం కావాలి, గాలి కావాలి. సంచిలో చర్మం ఎండి అట్టలా అయిపోతుంది. కుడి భుజం దగ్గర అలాగే పిగిలిపోయింది. లూబా వేలు పెడితే అవతలికి వచ్చింది.

"కొంటాను," అంది లూబా.

ఆ మాట పిరోగీల బల్ల దగ్గరికి ఆమెకంటే ముందు చేరింది. అందరికంటే పెద్దది సోన్యా కళ్ళజోడు పైకి నెట్టుకుని, "మహారాణిగారూ, పిండి అంటుకుంటుంది, కాస్త ఎడంగా కూర్చోండి," అంది. ఇంకొకామె, తన మనవరాలు చూస్తే ఇంటికే రాదని అంది. ఆ మనిషి ఇంటి నేలమాళిగలో మింక్ బొచ్చు కోటు ఉందని బల్ల దగ్గరున్న వాళ్ళందరికీ తెలుసు. లూబా అంచులు నొక్కింది.

ఇంటికి వెళ్ళాక మైరాన్ తుంటి పట్టుకుని లేచి వచ్చి చూశాడు. చచ్చినవాళ్ళ బట్టలు ఇంట్లోకి ఎందుకు తెచ్చావన్నాడు. మీ అమ్మదే అంది లూబా. ఆయన బొచ్చు మీద చెయ్యి వేసి చూశాడు. లూబా ఆశపడింది. ఏం ఆశో ఆమెకే సరిగ్గా తెలియదు. పోనీలే, చివరికి నీ దగ్గరికే వచ్చింది అంటాడని కావచ్చు. ఆయన నోరు తెరిచి, "మా చెల్లెలు పారేసింది నువ్వు ఏరుకొచ్చావా? పెళ్ళానికి కోటు కొనలేక చర్చి సంచుల్లో వెతుక్కోమన్నాడని నలుగురూ నన్నంటారు," అన్నాడు. పొద్దున తను కోటు అడిగిన సంగతి గుర్తుచేద్దామనుకుంది. గుర్తుచేస్తే, ఆ మాట ఎప్పుడన్నావంటాడు. కోటు పట్టుకుని నేలమాళిగలోకి దిగింది.

సాయంత్రాలు పని నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి, నేలమాళిగలోకి దిగి కోటు ముందు కూర్చునేది. భుజం దగ్గర లైనింగు కొంచెం విప్పి, చర్మం వెనకనుంచి పట్టీ వేసి, మైనం రాసిన దారంతో, తోలు కుట్టే మూడు పలకల సూదితో దగ్గర దగ్గరగా కుట్టింది. సూది వేళ్ళలో దిగేది. బొచ్చు దువ్వింది. కొత్త బొత్తాలు వేసింది. ఎవరూ చెప్పకుండా, ఎవరికోసమో కాకుండా ఒక పని చెయ్యడం ఎలా ఉంటుందో ఆమె అన్నేళ్ళ తరవాత చూసింది. సాటిన్ వెలిసింది. చంకల్లో పరాస్కా చెమట మరకలున్నాయి. అయినా చెయ్యి పెడితే అది ఆ గౌనే. వేళ్ళకి తెలుస్తోంది.

కోటు తొడుక్కుని బస్సు కోసం నిలబడ్డ మొదటి పొద్దున గాలి మొహాన్ని కోస్తోంది. మెడ కిందనుంచి మోకాళ్ళదాకా ఎక్కడా చలి లేదు. లూబాకి ఏడుపొచ్చింది. ఇంత వెచ్చదనం ఇన్నేళ్ళు తన చేతుల మీదుగానే వెళ్ళిందని ఏడుపొచ్చింది. లాండ్రీలో తనతో పనిచేసే మరీవిక్ ఆ కోటు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏంటక్కా, లాటరీ తగిలిందా? రేపట్నించి దుప్పట్లు నేనొక్కదాన్నే ఉతకాలా?" అంది. మరీవిక్ ఎక్కడో వెచ్చటి దీవుల్లో పుట్టి ఈ మంచులోకి వచ్చిపడ్డ మనిషి. మధ్యాహ్నం విరామంలో ఆ కోటు అడిగి తీసుకుని మీద కప్పుకుని కునుకు తీసింది. లేచి, "లోపల రంగు బాగుంది. లోపలెందుకు పెట్టారో," అంది. ఆ మాట లూబాతో ఇంటిదాకా వచ్చింది.

బస్సులో ఒకరోజు ముక్కుకి పోగున్న పిల్ల ఎదురుగా కూర్చుని కోటు వంకే చూసింది. లూబా తిట్టు కోసం సిద్ధపడి కిటికీలోకి తిరిగింది. ఆ పిల్ల ముందుకి వంగి, "ఆంటీ, ఎక్కడ దొరికింది ఇది? మేమంతా వీటికోసమే వెతుకుతున్నాం," అంది. కొత్తవి మాత్రం కొనరట, పాపమట. పాతవైతే ఫర్వాలేదట, అవెప్పుడో చచ్చాయి కాబట్టి. పాపానికి కూడా గడువు తీరిపోతుందని లూబాకి అప్పుడే తెలిసింది. ఆ లెక్కన తన తొమ్మిదేళ్ళకీ గడువు తీరిపోయి ఉంటుంది. ఇంక ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

క్రిస్మస్ ముందురోజు భోజనం ఎప్పుడూ లూబా ఇంట్లోనే. మాంసం ముట్టకుండా పన్నెండు రకాలు. ఆమె పనికి సెలవు పెట్టి రెండు రోజులు వండుతుంది. డారియా వస్తూ ఒక డబ్బా చాక్లెట్లు తెచ్చి బల్ల మధ్యలో పెడుతుంది. ఆ పూట అందరి కోట్లూ పడగ్గదిలో మంచం మీద కుప్పపోయడం అలవాటు. డారియా తన దూది కోటు లూబా చేతికిచ్చి కూర్చుంది. తాలియా తనే పడేసి వస్తానని లోపలికి వెళ్ళింది. ఇప్పుడా పిల్లకి ఇరవయ్యారేళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు బీవర్ కోటు తొడుక్కుని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, చిరిగిన జీన్సుతో గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఇది అమ్మమ్మది కదూ? ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

డారియా ఎర్రబడింది. చర్చికిచ్చేశానంది. తనని అడక్కుండా ఎలా ఇచ్చావని కూతురు లేచింది. శవం వాసనన్నది నువ్వేగా అని తల్లి అంది. అప్పుడు నాకు పన్నెండేళ్ళమ్మా, ఇప్పుడవి దొరకడంలేదు తెలుసా అని పిల్ల అంది. అంటూనే అద్దంలో చూసుకుని ఫోటో తీసుకుంది. తరవాత లూబా వైపు తిరిగి ముద్దుగా, "అత్తయ్యా, మీరు దీన్నేం చేసుకుంటారు? ఎంతకి కొన్నారో అంతా ఇచ్చేస్తా," అంది.

"వదినకి డబ్బెందుకే, ఇంట్లో మనిషి," అంది డారియా.

"తీసుకెళ్ళమ్మా," అన్నాడు మైరాన్, దుంపల చారులో రొట్టె ముంచుకుంటూ. తన వస్తువు తను ఇస్తున్నట్టే అన్నాడు.

లూబా పొయ్యి దగ్గర పిరోగీల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. "అది నాది," అంది.

చెంచాలు ఆగాయి. అన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆమె ఆ మాట అనడం అదే మొదలు. మైరాన్ రొట్టె కింద పెట్టాడు. "ఏంటి నీది? మా అమ్మ ఏమందో అందరం విన్నాం. రక్తంలో ఉండాలంది. నువ్వూ విన్నావు, అక్కడే ఉన్నావు."

అక్కడే ఉంది. చెంచా పట్టుకుని.

డారియా నవ్వి సర్దేసింది. "పండగపూట గొడవెందుకన్నయ్యా. ఆదివారం వచ్చి తీసుకెళ్తాంలే. ఈలోపు వదిన కాస్త దులిపి, ఇస్త్రీ అదీ చేసి ఉంచుతుంది."

వాళ్ళు వెళ్ళాక లూబా గిన్నెలు కడుగుతోంటే మైరాన్ వెనకాల కుర్చీలో కూర్చుని సముదాయించాడు. పాత కోటు కోసం చెల్లెలితో తెగతెంపులు చేసుకోమంటావా అన్నాడు. వసంతంలో తగ్గింపు ధరలు పెట్టినప్పుడు మంచి దూది కోటు కొనిపెడతానన్నాడు. అప్పటికి చలి పోతుంది. ఫిబ్రవరిలో తన తుంటి ఆపరేషను ఉందని, ఆసుపత్రిలో పడుంటే చూడ్డానికి వచ్చేది రక్తసంబంధమే కదా అన్నాడు.

"ఇంటికొచ్చాక నిన్ను చూసేదెవరు?" అంది లూబా, కుళాయి కట్టకుండానే.

"నువ్వుంటావుగా," అన్నాడు. పొయ్యి ఉంది, కుళాయి ఉంది అన్నట్టే అన్నాడు. ఆయన గొంతులో చెడ్డతనం కూడా లేదు. అది ఉన్నా బాగుండేది.

ఆదివారం మైరాన్ ఒక్కడే చర్చికి వెళ్ళాడు. తలనొప్పని లూబా ఉండిపోయింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కోటు తిరగేసి ఒళ్ళో పరుచుకుంది. చిన్న కత్తెరతో మెడ దగ్గర మొదలుపెట్టింది. ఆ కుట్లు తను వేసినవే కాబట్టి ఎక్కడ ముడి ఉందో వెతుక్కోనక్కర్లేకపోయింది. మెడ, ముందు అంచులు, కింది అంచు, చేతులు. నీలం దారం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. దారం అయిపోయిన ఆ రోజు పరాస్కాని ఇంకో రీలు కొనమని అడగడానికి భయపడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, రీలు దారం అడగడానికి భయపడింది. ఆ దారం కూడా లాగేసింది.

లైనింగు ఊడిపోయాక లోపలి చర్మం బయటపడింది. పసుపుపచ్చగా, మరకలుగా, అతుకులు అతుకులుగా ఉంది. బయటినుంచి చూస్తే ఒకటే నిండు బొచ్చు. లోపలినుంచి చూస్తే ముక్కలు. కుడి భుజం దగ్గర తను ఈ మధ్యనే వేసిన పట్టీ, దగ్గర దగ్గర కుట్లు కనిపించాయి. మంచి పని. లూబా దాన్ని కాసేపు చూసింది. తరవాత దాన్నీ విప్పేసింది. బొత్తాలు కోసి గిన్నెలో వేసుకుంది. సాటిన్ ఇస్త్రీ చేసి మడిచింది. అది మళ్ళీ గౌను కాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. చేతుల దగ్గర గుడ్డ పలచబడి పోగులు లేచాయి, వీపు దగ్గర ఇంకొకరి భుజాల వెడల్పుకి సాగిపోయింది. అయినా అది తన బీరువాలో, తన అరలో పెట్టి తలుపు వేసింది.

చర్చి నుంచి ముగ్గురూ కలిసే వచ్చారు. కోటు మడిచి హాల్లో బల్ల మీద పెట్టి ఉంది. తాలియా ఉత్సాహంగా విప్పి చెయ్యి దూర్చింది. భుజం దగ్గర చర్మం చిరుగు నోరు తెరుచుకుంది. చెయ్యి బయటికి తీసేసింది.

"ఇదేంటత్తయ్యా, లోపలంతా..."

"అమ్మమ్మ కోటు అడిగావు. అమ్మమ్మది అంతవరకే."

"లైనింగేది?" అంది డారియా.

"అది నాది."

డారియా అన్నగారి మొహం చూసింది. మైరాన్‌కి ఊదా గౌను గుర్తురాలేదు. లూబా ఆయన మొహంలో దానికోసం వెతికింది, చివరిసారి వెతికింది. ఆయన మొహంలో ఉన్నదల్లా నలుగురి ముందు పరువు పోయిన మనిషి కోపం. పిచ్చెక్కిందా నీకు అన్నాడు. మా అమ్మ వస్తువు నాశనం చేస్తావా అన్నాడు. డారియా కళ్ళు తుడుచుకుంది. తల్లి పోయినప్పుడు కూడా అంత తుడుచుకోలేదు. తాలియా మాత్రం చదువుకున్న పిల్ల, ఎందులోనైనా దారి వెతుకుతుంది. కోటు పట్టుకుని దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "పోనీ అత్తయ్యా, గుడ్డ నేను తెచ్చిస్తాను. మీరే మళ్ళీ కుట్టివ్వచ్చుగా. మీకొచ్చు కదా," అంది.

"వచ్చు," అంది లూబా.

తరవాత ఇంకేమైనా అంటుందేమోనని ముగ్గురూ చూశారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి తనొక్కదానికి టీ పెట్టుకుంది. వాళ్ళు కాసేపు గుసగుసలాడుకుని, ఆ తోలుని సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయారు. ప్లాస్టిక్ సంచి.

జనవరి అంతా మైరాన్ ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టమనీ, చొక్కా ఏదనీ, మందులు తేలేదేమనీ మాత్రం అడిగాడు. అంతకుముందు ఆయన మాట్లాడినదీ అదేనని లూబా గమనించింది. పాత దూది కోటుకి కొత్త జిప్పు వేసుకుంది. లోపలికి నేరేడుపండు రంగు సాటిన్ పట్టించి ఊదా దారంతో కుట్టింది. ఈసారి దారం రెండు రీళ్ళు కొంది. పెద్ద వెచ్చదనమేం లేదు. బస్సు దగ్గర చలేసింది. మరీవిక్ వాళ్ళ వీధిలో ఒంటిగది ఖాళీగా ఉందని, ఇల్లుగలావిడ మంచిదని చెప్పింది. లూబా వెళ్ళి చూసింది. కిటికీ బస్సు స్టాపు వైపే ఉంది, బస్సు మలుపు తిరగడం కనిపిస్తుంది. వచ్చేదాకా లోపలే ఉండొచ్చు. తీసుకుంటానని చెప్పి వచ్చింది.

ఫిబ్రవరిలో మైరాన్ తుంటి మార్చారు. నాలుగో రోజు ఇంటికి పంపుతామన్నారు. మంచం పక్కన డారియా పూలు కూజాలో ఉన్నాయి. నర్సు వచ్చి, ఇంటికి వెళ్ళాక ఆరు వారాలు ఒక మనిషి పక్కనే ఉండాలనీ, లేవదీయాలనీ, స్నానం చేయించాలనీ, కట్టు మార్చాలనీ, మరుగుదొడ్డికి తీసుకెళ్ళాలనీ చెప్పింది. ఎవరు చూసుకుంటారని అడిగింది.

మైరాన్ లూబా వైపు చూడకుండానే చెయ్యి చూపించాడు. "మా ఆవిడ. మా అమ్మని కూడా తొమ్మిదేళ్ళు ఈవిడే చూసింది. బాగా అలవాటు," అన్నాడు. ఆ తొమ్మిదేళ్ళ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. ఎప్పుడు వచ్చిందో చూడు అనుకుంది లూబా.

కోటు జిప్పు మెడదాకా లాక్కుంది. చేతి తొడుగులు తొడుక్కుంది. నర్సుకి డారియా ఫోన్ నంబరు అంకె అంకె విడిగా, తప్పు లేకుండా చెప్పింది.

"ఆయన చెల్లెలు చూస్తుందమ్మా. వాళ్ళింట్లో ఏదైనా రక్తంలోనే ఉండాలి. నేను పరాయిదాన్ని," అంది.